మల్లె (పెరటి పెంపకం)

మల్లె ఆలివ్ కుటుంబానికి చెందిన బహువార్షిక పొద. శాస్త్రీయ నామం జాస్మినం సంబక్. ఫిలిప్పీన్స్ 1934లో దీన్నే జాతీయ పుష్పంగా ప్రకటించింది.

ఎండ బాగా తగిలి, నీరు నిలవని చోట ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూస్తుంది. అయితే పూత కొత్త చిగుళ్లకే వస్తుంది. అందుకే పూలులేని చలికాలమే మల్లెకు అసలైన పనికాలం. నీళ్లు తగ్గించి, ఆకు దూసి, పొదను నేల నుంచి మూరెడు ఎత్తుకు కత్తిరించాలి. ఆపై మొదలు తవ్వి, పశువుల ఎరువు వేసి నీరు పెట్టాలి. చేతులు రాక కత్తెర వెయ్యని పొద ఆకుతో నిండి, పూలకు మొహం వాచిపోతుంది.

వేసవిలో చిగురు కొసన సాధారణంగా మూడు మొగ్గలు కలిసి కనిపిస్తాయి. నడిమిది ముందు ఉబ్బి తెల్లబడుతుంది, పక్కవి ఇంకా పచ్చగానే ఉంటాయి. తెల్లబడిన మొగ్గను విచ్చకముందే కోస్తే మాలలోనే విరిసి, ఇల్లంతా పరిమళిస్తుంది. ఊదారంగుకు తిరిగిన మొగ్గల్లో పురుగు ఉండవచ్చు. అవి రాలకముందే ఏరి నాశనం చేయాలి.

వానలు పడ్డాక కొమ్మను వంచి మట్టి కప్పితే వేళ్లు దిగుతాయి. ఇరుగుపొరుగుకు మల్లె అంటు ఇచ్చే అదను అదే.