కోంబీకి నీటి ఇంజన్ వచ్చిన కథ

1947లో బెన్ పోన్ అనే డచ్ కార్ల వ్యాపారి తన నోటుబుక్కులో పెట్టెలాంటి ఒక బండి బొమ్మ గీశాడు. డ్రైవరు ముందు, ఇంజన్ వెనక, మధ్య చోటంతా సరుకుకే. ఆ బొమ్మే జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ అయింది. 1957 నుంచి బ్రెజిల్లోని సావో బెర్నార్డో దో కాంపోలోనూ తయారైంది. అక్కడ దాని పేరు కోంబీ. సంతకు కూరగాయలు మోయాలన్నా, బడికి పిల్లల్ని చేర్చాలన్నా అదే దిక్కు.

దాని ఇంజన్‌కు రేడియేటర్ లేదు. ఫ్యాను విసిరే గాలే చల్లబరిచేది. నీళ్లే లేవు కాబట్టి కారడం, మరగడం అన్న బాధ లేదు. చిన్న ఊరి మెకానిక్ కూడా విప్పి బిగించేవాడు. కానీ ఆ సుగుణంలోనే చిక్కు దాగి ఉంది. గాలికి చల్లబడే ఇంజన్‌లో వేడి నిలకడగా ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతుంది, దిగేటప్పుడు తగ్గుతుంది. అలాంటప్పుడు ఇంధనం శుభ్రంగా కాలేలా చూడటం చాలా కష్టం. పొగ నిబంధనలు బిగుస్తున్న కొద్దీ కార్బొరేటర్ పోయి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. దానితో మరికొన్నేళ్లు గడిచాయి.

మరి నీటితో చల్లబడే ఇంజన్, అంటే నీటి ఇంజన్ పెట్టొచ్చు కదా? పెట్టి చూశారు. 1981లో 1.6 లీటర్ల డీజిల్ ఇంజన్ అమర్చారు. వెనకభాగానికి ఎదురుగాలి తగలదు కాబట్టి రేడియేటర్‌ను బండి ముక్కుకు తగిలించారు. ఇంజన్ ఒక కొసన, రేడియేటర్ మరో కొసన. నీళ్లు గొట్టాల్లో బండి పొడవునా పోయి మళ్లీ తిరిగి రావాలి. ఆ కోంబీకి ఊరికే వేడెక్కుతుందన్న చెడ్డపేరు వచ్చి, 1980ల మధ్యకల్లా కనుమరుగైంది.

అలా దెబ్బతిన్న ఆలోచనను మళ్లీ ఎత్తుకున్నారు చూడండి, ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే. మెక్సికోలో ఇదే బండిని 1.8 లీటర్ల పెట్రోలు నీటి ఇంజన్‌తో తయారుచేశారు. లోపం ఆలోచనలో లేదని దాంతో తేలింది.

కోంబీ కోసమే కొత్త ఇంజన్ రూపొందించాలంటే ఆ ఖర్చు పాత బండికి గిట్టదు. అదృష్టవశాత్తూ, ఎగుమతయ్యే ఫాక్స్ అనే చిన్న కారు కోసం చేసిన 1.4 లీటర్ల ఇంజన్ కంపెనీ ఇంట్లోనే ఉంది. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, హంగులేమీ లేవు. ఆ కుటుంబం ఇంజన్లు బ్రెజిల్ మెకానిక్కులకు కొట్టినపిండి. దాన్ని పెట్రోలుతోనూ, చెరకు నుంచి తీసే ఇథనాల్‌తోనూ నడిచేలా మలిచి వెనక అరలో కూర్చోబెట్టారు. ముందు నల్లటి జాలీ వెనక రేడియేటర్ నిలిపారు. 58 హార్స్‌పవర్ ఉన్నచోట సుమారు 80 వచ్చింది. నిండు బరువుతో ఎత్తు ఎక్కే డ్రైవరుకు ఆ తేడా ఎంతో విలువైనది.

2005 డిసెంబరులో ఈ మార్పు జరిగింది. గాలి ఇంజన్‌కు వీడ్కోలుగా 200 వెండిరంగు బండ్లు తయారుచేశారు. కొత్త ఇంజన్‌తో కోంబీ ఇంకో ఎనిమిదేళ్లు తయారైంది. 2013 చివర్లో ఆగిపోవడానికి కారణం ఇంజన్ కాదు. 2014 నుంచి బ్రెజిల్లో కొత్త బండ్లకు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయ్యాయి. ఆ పాత ఒంటికి వాటిని అమర్చే దారి దొరకలేదు.