ముడి నుంచి మూతికి: మచిలీపట్నం అద్దకపు బట్ట, లోహపు చట్రం, చేతిసంచి

తెలుగునాట ధనచరిత్ర చాలావరకు నాణేల చరిత్రగానే సాగింది. నాణెం ఏ టంకసాలలో తయారైంది, ఎవరి పేరు మోసింది, ఎంత తూగింది అన్న విషయాలను పరిశోధకులు శ్రద్ధగా పరిశీలించారు. ఆ నాణెం టంకసాల దాటిన తరువాత ఏ గుడ్డలో ఒదిగింది, ఆ గుడ్డను ఎవరు కుట్టారు, దాని మూతిని ఎలా బిగించారు అన్న ప్రశ్నలకు అంత స్థానం దక్కలేదు. గుడ్డసంచికి లోహపు చట్రం బిగించి, రెండు చిన్న గుండ్లు ఒకదానినొకటి దాటి టక్కున మూసుకొనేలా చేసే చేతిసంచి ఈ ప్రశ్నలను పరిశీలించడానికి అనువైన వస్తువు. అద్దకపు బట్టకూ పలుచని లోహపు పనికీ పేరుపొందిన మచిలీపట్నం ప్రాంతం అందుకు అనువైన స్థలం. ఈ ప్రాంతపు బట్ట మూడు శతాబ్దాలకు పైగా కత్తిరింపు లేకుండానే ఓడలెక్కి, కుట్టును పరాయి తీరాలలో పొందింది. ఆ కుట్టు తిరిగి ఇంటికి చేరిన రూపాలలో చేతిసంచి ఒకటి. అయినా ఈ బట్ట చరిత్రలో అద్దినవారికి ఉన్న చోటు కుట్టినవారికి లేదు.

పదాల సాక్ష్యం

చేతిసంచికి ముందు తెలుగువారు ధనాన్ని ఎక్కడ దాచుకొన్నారో మన పదసంపదే చెబుతుంది. తిత్తి తోలుసంచి. కొలిమి ఊదేదీ అదే, రూకలు దాచేదీ అదే. జాలె నడుముకు కట్టుకొనే రూకలసంచి. అడపము తాంబూలపు సంచి. రాజాస్థానాలలో దానిని మోసే అడపకత్తె మన కావ్యాలలో తరచుగా కనిపించే పాత్ర. మంగలి పొదికి కూడా అడపమన్న పేరుంది. ముల్లె కూడబెట్టిన సొమ్ము మూట. ముడుపు దైవానికి మొక్కుకొని గుడ్డలో ముడివేసిన ధనం. వీటన్నిటికన్నా విస్తృతమైనది పేరు అక్కరలేని సంచి, అంటే చీరకొంగు. చిల్లర కొంగున ముడివేసుకోవడం, రొంటిన దోపుకోవడం స్త్రీల నిత్యవ్యవహారం. నమ్మినవారికి తప్పక ఫలమిచ్చే దైవాన్ని కొంగుబంగారమని పిలవడం ఆ వ్యవహారం నుంచి పుట్టిన పలుకుబడే.

ఈ పదాలు సూచించే వస్తువులకు రెండు సమాన లక్షణాలున్నాయి. మొదటిది, ఇవి ఎక్కువగా శరీరాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి, లేదా నమ్మకస్థులైన మరొకరి శరీరాన్ని ఆశ్రయిస్తాయి. రెండవది, వీటి మూతిని బిగించేది ముడి గాని, లాగి కట్టే తాడు గాని. మూతికి లోహం లేదు. ముడి వేసినవారి వేళ్లకే దాని బిగువు తెలుస్తుంది. మరొకరు విప్పి మళ్లీ కట్టితే ఆ తేడా పట్టుబడే అవకాశం ఉంది. కొంగుముడికి తాళం లేకపోయినా గోప్యత ఉన్నది అందువల్లనే.

బిగింపుకు సంబంధించిన తరువాతి మాటల దారి వేరు. జేబు అరబ్బీ, ఫారసీల మీదుగా వచ్చింది. బొత్తాము పోర్చుగీసు మాట. దర్జీ, అస్తరు ఫారసీ పదాలు. పర్సు ఇంగ్లీషు నుంచి చేరింది. కుట్టు, దారం, ముడి మనవే. అంటే కుట్టే క్రియకు దేశిపదాలు నిలిచి ఉండగా, కుట్టిన ఉడుపుల భాగాలకు ఎరువు పదాలు వచ్చి చేరాయి. చీర, పంచె, ఉత్తరీయం వంటి కుట్టులేని వస్త్రాలు ప్రధానమైన సమాజంలో ఈ విభజన సహజం.

కత్తెర దాటిన తీరం

మచిలీపట్నం గోలకొండ కుతుబ్‌షాహీల కాలంలో తూర్పుతీరపు ప్రధాన రేవుగా ఎదిగింది. డచ్చివారు 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే ఇక్కడ వ్యాపారస్థావరం ఏర్పరచుకొన్నారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ 1611లో ఈ రేవుకు వచ్చింది. పట్టణం కొంతకాలం ఫ్రెంచివారి అధీనంలో ఉండి, 1759లో ఇంగ్లీషువారి వశమైంది. ఇన్ని జెండాలను ఇక్కడికి రప్పించిన సరుకులలో మొదటి వరుసలోనిది చీటిగుడ్డ.

ఆ గుడ్డ గొప్పతనం రంగు నిలకడలో ఉంది. బట్టను కరక్కాయ కషాయం, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగు చెదరకుండా ఆపుతుంది, కరక్కాయ ఒగరు రంగును పట్టి ఉంచుతుంది. ఇనుపతుక్కును బెల్లపునీటిలో పులియబెట్టి తీసిన కసిం ఆ ఒగరును తాకగానే నలుపు పుడుతుంది. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపునిస్తుంది. నీలిమందు నీలానిస్తుంది. ఉతికినకొద్దీ తేటపడే ఈ రంగులను చూసి ఐరోపా మగ్గాల యజమానులు బెంబేలెత్తారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండు 1700లోను, 1721లోను చట్టాలు చేసింది.

ఈ బట్టలో ఎక్కువ భాగం కత్తిరించని తానులుగా, పరదాలుగా, పడకదుప్పట్లుగా ఓడలెక్కింది. దానిని కత్తిరించి గౌన్లు, రవికెలు, పిల్లల టోపీలు, నడుముకు కట్టుకొనే జేబుసంచులు కుట్టినది ఐరోపా ఇళ్లలోని స్త్రీలు, అక్కడి దర్జీలు. అదే కాలంలో నెదర్లాండ్స్‌లో వెండి చట్రపు సంచి వాడుకలో ఉంది. డచ్చి భాషలో దానిని ‘బ్యూగెల్‌తాస్’ అంటారు, చట్రపుసంచి అని అర్థం. స్త్రీలు దానిని కొక్కెంతో నడుముకు తగిలించుకొనేవారు. ముడికి బదులు లోహం ధనానికి కాపలాదారైన పద్ధతి ఇది. మచిలీపట్నంలో బట్ట కొన్న వర్తకుల ఇళ్లలో ఈ పద్ధతి అప్పటికే పరిచితం.

మరొక దారి జపానుకు సాగింది. 1641 నుంచి జపానులో వ్యాపారానికి అనుమతి ఉన్న ఐరోపావారు డచ్చివారొక్కరే. నాగసాకి రేవులోని దెజిమా దీవి మీదుగా వారు చేర్చిన భారతీయ అద్దకపు బట్టను జపానువారు ‘సరసా’ అని పిలుచుకొని అపురూపంగా చూశారు. జానెడు ముక్కను కూడా పారవేయక తేనీటి వేడుకలో వాడే పాత్రలకు సంచులుగా, పొగాకు సంచులుగా కుట్టించుకొన్నారు. ఆ పొగాకు సంచుల మూతమీద చెక్కడపు లోహపు బిళ్ల ఉండేది. భారతీయ అద్దకం, లోహపు బిగింపు ఒకే చిన్న సంచిలో కలిసిన తొలి ఉదాహరణలలో ఇవి చేరతాయి. మెయిజీ యుగంలో ఐరోపా తరహా చట్రపుసంచి జపాను చేరినప్పుడు అక్కడివారు దానికి ‘గామగుచి’ అని, అంటే కప్పనోరు అని, పేరు పెట్టుకొన్నారు. తెలుగు మాత్రం పర్సు అన్న మాటనే తెచ్చుకొని, దాని నోటికి వేరే పేరు పెట్టలేదు.

గజాల నుంచి జానెడుకు

యంత్రపు బట్ట రాకతో ఐరోపా బేరాలు సన్నగిల్లాక మచిలీపట్నం అద్దకానికి పారశీక విపణి ఊతమైంది. నమాజు గుడ్డలు, పరదాలు అటు వెళ్లేవి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పైవేల మంది మరణించారు. ఇసుక మేటలతో పెద్ద ఓడలకు రేవు దూరమైంది. మద్రాసు రాజధానిలోని నూలుబట్టల చిత్రణ, అద్దకాలపై డబ్ల్యు. ఎస్. హడవే 1917లో గ్రంథం వెలువరించారు. పేరు సూచించినట్లే దాని దృష్టి రంగులమీద, అద్దే పద్ధతులమీద ఉంది. బట్ట ఆ తరువాత ఏ రూపం దాల్చిందన్నది దాని విషయం కాదు.

స్వాతంత్ర్యానంతరం అఖిల భారత హస్తకళామండలి, కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి కృషి వల్ల కలంకారీకి మళ్లీ గిరాకీ ఏర్పడింది. మచిలీపట్నానికి సమీపంలోని పెడన అద్దకానికి ప్రధాన కేంద్రంగా నిలిచింది. అయితే కొత్త కొనుగోలుదారు ఓడ నింపే వర్తకుడు కాడు. ఇంటికి ఒక బల్లగుడ్డ, దిండుగలీబు, భుజానికి ఒక సంచి, చేతికి ఒక పర్సు కోరే గృహస్థు. మంచాన్ని కప్పిన అద్దకం అరచేతిలోకి కుదించుకుపోయింది. ఈ కుదింపును క్షీణతగా మాత్రమే చదివితే, చిన్నవస్తువు కోరే కొత్త నైపుణ్యం కనబడకుండా పోతుంది.

కుట్టులోని నిర్ణయాలు

చట్రపుసంచి కుట్టడంలో కొలత చట్రం నుంచి మొదలవుతుంది. 8.5 సెంటీమీటర్ల వెడల్పున్న చట్రాన్ని కాగితంమీద ఉంచి, ఒక కీలు నుంచి రెండవ కీలు వరకు గీత గీస్తారు. కీళ్ల దిగువన బట్టను కొంత వెడల్పు చేస్తారు. అలా చేయకపోతే సంచికి కడుపు ఉండదు. పైబట్టనూ అస్తరునూ వేరువేరుగా కుట్టి, పక్కకుట్లను కీలుకు కొంచెం దిగువనే ఆపుతారు. కుట్టు కీలును దాటి పైకి వెళితే నోరు తెరుచుకోదు. రెండు పొరలను మూతి వద్ద కలిపి, విడిచిన సందులోంచి తిరగేస్తారు. ఆ తరువాత మూతి నడిమి గుర్తును చట్రం నడిమికి కలిపి, అక్కడి నుంచి రెండు కీళ్లవైపు బట్టను సర్దుకుంటూ పోతారు. గాడి ఉన్న చట్రమైతే జిగురు పూసి, బట్టతోపాటు కాగితపు పురిని కూడా గాడిలోకి నొక్కుతారు. రంధ్రాలున్న చట్రమైతే ఒక్కొక్క రంధ్రం గుండా సూదిని పోనిచ్చి, వెనుకకు ఒక కుట్టు వేస్తూ ముందుకు సాగుతారు.

అద్దకపు బట్ట విషయంలో దీనికి మరొక బాధ్యత తోడవుతుంది. అద్దేవాడు టేకు అచ్చును తాను పొడవునా వరుసగా వేస్తాడు. ఆ వరుసలో ఏ పువ్వు నిలవాలో, ఏది రెండుగా తెగిపోవాలో కత్తెర నిర్ణయిస్తుంది. నెమలి గాని, నిటారు తీగ గాని ఉన్న బట్టను అడుగున మడిచి ఒకే ముక్కగా కుడితే, ఒకవైపు నెమలి నిలబడి రెండవవైపు తలకిందులవుతుంది. అందుకని అటువంటి బట్టను రెండు ముక్కలుగా కోసి అడుగున అతుకు వేయవలసి వస్తుంది. మూతి అంచున గాడిలోకి పోయే మేరను ముందే లెక్కించకపోతే నెమలి పింఛం చట్రంలో కనుమరుగవుతుంది. అచ్చుపని ముగిసిన చోట అలంకారశాస్త్రం ముగియలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఇనుము, ఒగరు, రోల్డ్‌గోల్డ్

ఈ సంచిలో లోహానికీ బట్టకూ ఉన్న సంబంధం బిగింపుతో ఆగదు. కసిం నలుపు పుట్టుకకు మూలం ఇనుము కరక్కాయ ఒగరుతో కలవడం. కృష్ణాతీరపు ఉప్పుగాలిలో పూతలేని ఇనుపచట్రం సులువుగా తుప్పు పడుతుంది. బట్టలో ఒగరు మిగిలి ఉంటే, ఆ తుప్పు చెమ్మతో కలిసి అంచున కసిం వంటి నల్లని మరకనే వేస్తుంది. అచ్చుమీద అదుపులో ఉండి అందమిచ్చిన చర్యే చట్రంవద్ద అదుపు తప్పి దోషమవుతుంది. అద్దకపు బట్టకు ఇత్తడి చట్రం గాని, గట్టి పూత ఉన్న చట్రం గాని తగినదనడానికి కారణం అందం ఒక్కటే కాదు.

మచిలీపట్నంలో భాగమైన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు ప్రసిద్ధి. తక్కువ వెలగల లోహానికి పలుచని బంగారుపూత పట్టించి నగకు నిలకడనిచ్చే పని అది. అచ్చు, కీలు, కొక్కెం, పూత ఈ పనిలో నిత్యపరిచితాలు. నగ బిగింపుకు చేసే కొక్కెమూ సంచి బిగింపుకు చేసే చట్రమూ సాంకేతికంగా దగ్గరి బంధువులు. అయినా అద్దకం పెడన పేరిట, నగ చిలకలపూడి పేరిట రెండు వేర్వేరు చరిత్రలుగా చెప్పబడుతున్నాయి. రెంటినీ ఒక్కచోట చేర్చే చేతిసంచి ఏ చరిత్రలోనూ చేరలేదు.

కుట్టిన చేతుల లెక్క

కంపెనీ కాలపు వ్యవహారంలో నేతగానికీ అద్దకగానికీ బయానా ఇచ్చే దళారికీ స్థానం ఉంది. బట్ట కత్తిరించకుండా వెళ్లినందున కుట్టేవారి ప్రసక్తికి అక్కడ అవకాశం తక్కువ. నేడు పరిస్థితి మారింది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. అది కాపాడేది అద్దకపు విశిష్టతను. ఆ అద్దకాన్ని సంచిగా మలచిన కత్తెర, సూది, దారం ఆ నిర్వచనానికి వెలుపలే ఉన్నాయి. చిన్నవస్తువు వెలలో కుట్టుకూలికి ఉన్న పాలు పెద్దది. గజం బట్టకు కొన్ని కుట్లు చాలునేమో గాని, జానెడు సంచికి ప్రతి అంగుళమూ కుట్టే. పనిపాలు ఇలా సూదివైపు జరిగినా, పేరు మాత్రం అచ్చువద్దనే నిలిచిపోయింది.

స్త్రీధన చరిత్రకూ ఇది సంబంధించినదే. కొంగుముడిలోని చిల్లర కొంత గోప్యంగా ఉన్న సొంత సొమ్ము. చేతిసంచి ఆ సొమ్మును శరీరం నుంచి విడదీసి అందరికీ కనిపించే వస్తువును చేసింది. తెరిచినప్పుడు చప్పుడు చేసే వస్తువును కూడా చేసింది. గోప్యత కొంత తగ్గి, ప్రకటన కొంత పెరిగింది. బజారులో నిలబడి తన డబ్బు తాను లెక్కించి ఇచ్చే స్త్రీకి ఆ చప్పుడు ఒక హక్కు ప్రకటన కూడా. ఈ మార్పును నవలలు, కథలు, ఆత్మకథలు ఏ పదాలతో నమోదు చేశాయో పరిశీలించడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. కొంగుముడి, రొంటి, సంచి, పర్సు అన్న మాటలు ఒక పాఠంలో ఏ పాత్ర చేతిలో, ఏ సందర్భంలో వస్తున్నాయో గుర్తిస్తే, ఆ పాత్రకు తన సొమ్ముమీద ఉన్న అధికారం ఎంతో తెలుస్తుంది. ఆ పనికి ముందుగా జరగవలసినది ఒకటుంది. అద్దినవారి పక్కన కుట్టినవారికి కూడా ఈ బట్ట చరిత్రలో ఒక వరుస కేటాయించాలి.