ఫుటేజ్ అంటే అడుగుల లెక్క: మన ఎడిటింగ్ యాప్‌లో దాగున్న పాత మాటలు

మీరు ఫోన్‌లో రీల్స్ ఎడిట్ చేస్తుంటే ఇవాళ్టి ఎపిసోడ్ మీ కోసమే. కట్, ట్రిమ్, బిన్, ఫుటేజ్, రీల్... ఈ మాటలన్నీ రోజూ వాడుతున్నం కదా. వీటిలో ఒక్కటి కూడా మా సాఫ్ట్‌వేరోళ్లు పుట్టించింది కాదు. నేను బీటెక్ చేసి కోడ్ రాసి వచ్చినోణ్ణే, అందుకే ధైర్యంగా చెప్తున్న. ఇవన్నీ ఇనుప మిషన్ల దగ్గర, కత్తెర పట్టిన చేతుల్లో పుట్టినయి.

ముందు ఫుటేజ్ సంగతి చూద్దాం. ఫుట్ అంటే అడుగు. 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు నడవాలె. అంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమా 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్ల పైనే! వెయ్యి అడుగుల రీల్ పదకొండు నిమిషాలు వస్తది. మీరు పెట్టే 90 సెకన్ల రీల్‌ను ఫిల్మ్ మీద తీస్తే 135 అడుగులు.

మరి ఈ ఫిల్మ్‌ను ఎట్ల చూసి కోసేవాళ్లు? మొదట్లో వెలుతురుకు ఎత్తిపట్టి, చేత్తో లాక్కుంటూ చూసేవాళ్లు. నెదర్లాండ్స్ నుంచి అమెరికా పోయిన ఇవాన్ సెరూరియే అనే ఇంజనీర్, ఇంట్లో సినిమా చూసుకునేందుకు ఒక మిషన్ తయారు చేసిండు. ధర ఎక్కువై అది అమ్ముడుపోలే. 1924లో దాన్నే ఎడిటర్లకు పనికొచ్చేటట్టు మార్చిండు. అదే మూవియోలా. అప్పటి విక్ట్రోలా గ్రామఫోన్ పేరు చూసి పెట్టిన పేరది. నిలువు మిషన్, చిన్న తెర, కాలి కింద పెడల్. టకటకమని ఒకటే చప్పుడు. తర్వాత జర్మనీ నుంచి స్టీన్‌బెక్ వచ్చింది. అందులో ఫిల్మ్ బల్ల మీద పళ్లేల్లో పడుకొని తిరుగుతది.

ఇప్పుడు బిన్. కోసిన ముక్కలను చిన్న మేకులకు వేలాడదీసేవాళ్లు. కింద గుడ్డ పరిచిన పెద్ద డబ్బా ఉండేది, ఫిల్మ్‌కు గీతలు పడకుండా. ఆ డబ్బానే బిన్. అట్ల వేలాడే ముక్కలే ట్రిమ్స్. రెండు ఫ్రేముల ముక్క తప్పిపోతే అసిస్టెంట్ ఆ డబ్బా అంతా వెతకాల్సిందే. మన యాప్‌లో బిన్ అంటే ఫోల్డర్ అంతే, సెర్చ్ కొడితే దొరుకుతది.

అసలు భయం నెగెటివ్ దగ్గర. ఎడిటర్ కోసేది పాజిటివ్ ప్రింట్‌ను. తప్పు పడితే టేపు వేసి మళ్లీ అతికించొచ్చు. కట్ ఫైనల్ అయినంక, ఫిల్మ్ అంచు మీది నంబర్లు సరిచూసుకుంటూ నెగెటివ్ కటింగ్ చేసేవాళ్లు. అంచు గీకి, సిమెంట్ పూసి, ఒకదాని మీద ఒకటి అతికించాలె. ఆ అతుకులో పక్క ఫ్రేము పోయేది. మా సిరిసిల్లలో పోగు తెగితే ముడేసి సాంచె మళ్లీ నడుపుతరు. నెగెటివ్‌కు ఆ సౌకర్యం లేదు. కోసినంక అన్‌డూ లేదు. హీరో డేట్లు, సెట్టు ఖర్చు, మొత్తం సినిమా ఆ కత్తెర కింద ఉండేది.

మన తెలుగు సినిమా ఈ పనంతా ఎక్కువగా మద్రాసులో నేర్చింది. ఆదుర్తి సుబ్బారావు గారు ఎడిటింగ్ చేసి దర్శకులైనోళ్లే. ఎడిటర్ అక్కినేని సంజీవి గారి కొడుకే శ్రీకర్ ప్రసాద్ గారు. ఫిల్మ్ కోసే కాలంలో, 1989లో ‘రాఖ్’కు జాతీయ అవార్డు తీసుకున్నరు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ ఎడిటర్ కూడా ఆయనే. కత్తెర నుంచి కంప్యూటర్ దాకా, ఒక్క మనిషి జీవితంలోనే.

నాకు బాగా నచ్చిన మాట మాత్రం మనదే. పాత టైటిల్స్‌లో ఎడిటింగ్‌కు ‘కూర్పు’ అని వేసేవాళ్లు. ఇంగ్లీషోళ్లు కట్ అని కోసుడును చూసిన్రు. మనోళ్లు కలుపుడును చూసిన్రు. నిజానికి ఎడిటర్ పని రెండోదే కదా!

ఇదంతా ఎందుకు చెప్తున్నా అంటే, మిషన్లు పోయినయి, ఆ అసిస్టెంట్ల, నెగెటివ్ కట్టర్ల పని పోయింది. వాళ్లతోటి మాటలు కూడా పోతున్నయి. రేపు ఒక పాత డబ్బా దొరికితే దాని మీద రాసింది నెగెటివా, పాజిటివా, ట్రిమ్సా అని చదివేటోళ్లు ఉండాలె. తెలియకపోతే ఒరిజినల్ నెగెటివే చెత్తలోకి పోవచ్చు. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఎడిటింగ్ రూంలోనో, థియేటర్ ప్రొజెక్టర్ దగ్గరో పనిచేసిన పెద్దమనుషులుంటే పోయి కూర్చోండి. ఏ వస్తువును ఏమనేటోళ్లో అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఆ ఫుటేజ్‌ను మాత్రం ట్రిమ్ చేయకండి.

మళ్లీ కలుద్దాం. ఉంట మరి.