తేజీ మందీ నుంచి వీక్లీ ఎక్స్‌పైరీ దాకా: ఆప్షన్స్ కథ, పన్ను కథ

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, ఆప్షన్స్‌లో లాభం వస్తే టాక్స్ ఎంత?" అని. నష్టం వస్తే ఏంటని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజానికి ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే. ఎందుకో చివర్లో నా సొంత లెక్కతో చెప్తాను. దానికంటే ముందు ఈ ఆప్షన్ అనేది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. చరిత్ర తెలిస్తే పన్ను రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు, వాటంతట అవే గుర్తుంటాయి.

మా నర్సీపట్నం నుంచే మొదలుపెడతా. ఇక్కడ స్థలం కొనేవాళ్ళు ముందు బయానా ఇస్తారు కదా. 30 లక్షల స్థలం అనుకోండి. లక్ష బయానా, మూడు నెలల గడువు, అగ్రిమెంట్ కాగితం. మూడు నెలల్లో రోడ్డు వస్తుందన్న మాట పుట్టి స్థలం 36 లక్షలైతే, కొనేవాడు 30కే రాయించుకుంటాడు. రేటు 25కి పడిపోతే, కొంతమంది "లక్ష పోతే పోయింది" అని వదిలేస్తారు. ఇందులో ఆప్షన్ పోలిక ఉంది. చిన్న మొత్తం కట్టి, ఒక ధరకి, ఒక తేదీ లోపల, కొనే హక్కు పట్టుకోవడం.

తేడాలు కూడా చెప్పాలి. బయానా స్థలం ధరలో కలిసిపోతుంది. ఆప్షన్‌లో కట్టే ప్రీమియం కలవదు, అది హక్కు ఖరీదు, ఇచ్చాక ఇచ్చినట్టే. అగ్రిమెంట్‌లో ఇద్దరికీ బాధ్యత ఉంటుంది, అవతలివాడు కోర్టుకి వెళ్ళొచ్చు. ఆప్షన్‌లో కొన్నవాడికి హక్కు మాత్రమే, అమ్మినవాడికి బాధ్యత మాత్రమే. కొనే హక్కు పేరు కాల్. అమ్మే హక్కు పేరు పుట్. ముందే అనుకున్న ధర స్ట్రైక్. గడువు తేదీ ఎక్స్‌పైరీ. బేసిక్స్ ఇంతే అండి.

ఇది కొత్త ఆలోచన కాదు. గ్రీకు తత్వవేత్త థేలీస్ ఆలివ్ పంట బాగా వస్తుందని ముందే అంచనా వేసి, నూనె గానుగల్ని కొద్దిపాటి బయానాలతో ముందుగా పట్టుకున్నాడని అరిస్టాటిల్ రాశాడు. మన వైపు జీడితోటని పూత మీదే మాట్లాడేసుకునేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ కథే గుర్తొస్తుంది. పంట ఇంకా రాలేదు, దాని మీద బేరం మాత్రం అయిపోయింది.

మన దేశంలో దీనికి పాత పేరు తేజీ మందీ. తేజీ అంటే ధర పెరుగుతుందని కొనే హక్కు. మందీ అంటే పడుతుందని అమ్మే హక్కు. దానికి కట్టే డబ్బుని నజరానా అనేవాళ్ళు. బొంబాయి పత్తి బజార్లోనూ షేర్ల బజార్లోనూ ఇది బాగా నడిచింది. కాల్, పుట్, ప్రీమియం అన్న మాటలు టీవీలో వినపడక ముందే తేజీ, మందీ, నజరానా ఉన్నాయన్నమాట.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం దీన్ని జూదంలాగే చూసింది. 1952లో వచ్చిన ఫార్వర్డ్ కాంట్రాక్ట్స్ చట్టం సరుకుల మీద ఆప్షన్స్‌ని నిషేధించింది. 1956 సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ చట్టం 20వ సెక్షన్‌తో షేర్ల మీద కూడా ఆప్షన్స్ చట్టవిరుద్ధం అయ్యాయి. 1969లో షేర్ల ఫార్వర్డ్ ట్రేడింగ్‌నీ ఆపేశారు. మన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1943లో మొదలైంది, 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. అంటే దాని జీవితంలో ఎక్కువ భాగం ఆప్షన్స్ నిషేధం కిందే గడిచింది.

మనం ఇక్కడ ఆపేస్తే, అమెరికాలో 1973లో చికాగోలో ఆప్షన్స్ కోసమే ఒక ఎక్స్ఛేంజ్ తెరిచారు. అదే సంవత్సరం బ్లాక్, షోల్స్ ఇద్దరూ ఆప్షన్ ధర కట్టే ఫార్ములా ప్రచురించారు. మన దగ్గర 1995లో ఆ 20వ సెక్షన్ తీసేశారు. తర్వాత ఎల్.సి. గుప్తా కమిటీ 1998లో రిపోర్టు ఇచ్చింది. 2000 జూన్‌లో ఇండెక్స్ ఫ్యూచర్స్, 2001 జూన్‌లో ఇండెక్స్ ఆప్షన్స్, 2001 జులైలో ఒక్కో కంపెనీ షేర్ల మీద ఆప్షన్స్ వచ్చాయి. దాదాపు నలభై ఐదేళ్ళ నిషేధం తర్వాత తేజీ మందీ చట్టబద్ధంగా వెనక్కి వచ్చింది.

ఇప్పుడు పన్ను కథకి వద్దాం. 1922 ఆదాయపు పన్ను చట్టం వచ్చినప్పుడు, ఆస్తి అమ్మితే వచ్చే లాభం ఆదాయం కింద లెక్కకి రాలేదు. చెట్టు కాయలు కాస్తే అది ఆదాయం, చెట్టునే అమ్మితే అది ఆదాయం కాదు. అప్పటి ఆలోచన అది. 1947లో మధ్యంతర ప్రభుత్వంలో ఆర్థిక శాఖ చూసిన లియాఖత్ అలీ ఖాన్ బడ్జెట్‌తో కాపిటల్ గెయిన్స్ టాక్స్ మొదటిసారి వచ్చింది. వ్యాపారులు గట్టిగా ఎదిరించారు. 1949లో తీసేశారు. ఆ తర్వాత కేంబ్రిడ్జ్ ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ 1956లో మన పన్నుల మీద రిపోర్టు ఇచ్చాడు. ఆ ఏడాదే టి.టి. కృష్ణమాచారి ఆ పన్నుని మళ్ళీ తెచ్చారు. ఒకసారి గమనించండి. షేర్ల మీద ఆప్షన్స్‌ని నిషేధించిందీ 1956లోనే, కాపిటల్ గెయిన్స్ టాక్స్ తిరిగొచ్చిందీ 1956లోనే.

1961 చట్టం ఒక గీత గీసింది. సరుకు గానీ షేరు గానీ చేతులు మారకుండా, తేడా డబ్బు మాత్రమే ఇచ్చి పుచ్చుకుంటే అది స్పెక్యులేషన్. ఆ నష్టాన్ని స్పెక్యులేషన్ లాభంతోనే సరిపెట్టుకోవాలి. ఇండెక్స్ ఆప్షన్‌లో చేతులు మారేదేముంది? నిఫ్టీని డెలివరీ తీసుకోలేం కదా. అందుకని మొదటి నాలుగేళ్ళూ ఇది స్పెక్యులేషన్ కిందే వచ్చే అవకాశం ఉండేది. 2005 ఫైనాన్స్ చట్టం దీన్ని మార్చింది. గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజ్‌లో చేసే డెరివేటివ్స్ స్పెక్యులేషన్ కాదు, మామూలు వ్యాపారం అంది. ఇప్పటి రూల్స్‌కి మూలం ఈ ఒక్క మార్పే.

ఇది కాగితం మీద తేడా మాత్రమే కాదు. ఎందుకో మన తెలుగువాళ్ళు మర్చిపోలేని రోజుతో చెప్తా. 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ లేఖ ఇచ్చారు. అంతకు ముందు రోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ ఒక్క రోజులో 40 దగ్గరికి పడింది. సత్యం మీద ఆప్షన్స్ కూడా నడుస్తుండేవి. ఒక ఊహా లెక్క వేద్దాం. 160 స్ట్రైక్ పుట్‌ని ఎవరో 10 రూపాయలకి అమ్మారనుకోండి. చేతికొచ్చింది 10. షేరు 40కి పడితే ఇవ్వాల్సింది 120. ఒక్కో షేరుకి 110 నష్టం. ఆప్షన్ కొన్నవాడికి పోయేది ప్రీమియం మాత్రమే. అమ్మినవాడికి ఎంత పోతుందో లేఖ వచ్చేదాకా తెలీదు.

ఇక పన్ను చూడండి. ఆ పుట్ అమ్మినవాడి నష్టం 2005 మార్పు వల్ల వ్యాపార నష్టం. ఎనిమిదేళ్ళు ముందుకి తీసుకెళ్ళొచ్చు. మరి నమ్మకంతో ఏడాదికి పైగా సత్యం షేర్లు పట్టుకుని, ఆ వారం ఎక్స్ఛేంజ్‌లో అమ్ముకున్న ఉద్యోగి సంగతి? 2004 అక్టోబర్ 1 నుంచి ఎస్‌టీటీ వచ్చింది, బదులుగా షేర్ల దీర్ఘకాల లాభానికి పన్ను లేదన్నారు. అందరూ సంతోషించారు. కానీ లాభానికి పన్ను లేనప్పుడు నష్టానికి లెక్క కూడా ఉండదు. ఆ ఉద్యోగి పోగొట్టుకున్న డబ్బుని పన్ను దగ్గర ఏ లాభంతోనూ సరిపెట్టుకునే వీల్లేకపోయింది. పందెం కాసినవాడికి దొరికిన ఊరట పొదుపు చేసినవాడికి దొరకలేదు. ఈ సంగతి తెలిసిన రోజు నేను కాసేపు అలా కూర్చుండిపోయా.

ఆ మినహాయింపు 2018 ఏప్రిల్ నుంచి పోయింది. లక్ష దాటిన దీర్ఘకాల లాభం మీద 10 శాతం వేశారు. 2024 జులై 23 నుంచి 1.25 లక్షలు దాటితే 12.5 శాతం, ఏడాది లోపు అమ్మితే 20 శాతం. పన్ను వచ్చాక నష్టానికి కూడా విలువ వచ్చింది. ఇది ఒక విధంగా న్యాయమే.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు. ఈ 20, 12.5 శాతాలు ఆప్షన్స్‌కి వర్తిస్తాయనుకుంటారు. వర్తించవు. అవి షేర్లకీ ఈక్విటీ ఫండ్లకీ. ఆప్షన్ లాభం వ్యాపార ఆదాయం, మీ జీతంతో కలిపి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. బ్రోకరేజీ, ఎస్‌టీటీ లాంటి ఖర్చులు తీసేసుకోవచ్చు. నష్టాన్ని జీతంతో సరిపెట్టలేరు. ఆ ఏడాది వడ్డీ, అద్దె, కాపిటల్ గెయిన్స్‌తో సరిపెట్టొచ్చు. మిగిలింది ఎనిమిదేళ్ళు వ్యాపార లాభాలతో. షేర్లలో ఇంట్రాడే మాత్రం ఇప్పటికీ స్పెక్యులేషనే, దానికి నాలుగేళ్ళే. అన్నిటికీ ఒకటే షరతు: గడువు లోపల, సరైన ఫారంలో, అంటే ఐటీఆర్-3లో రిటర్న్ వెయ్యాలి.

నేను వెయ్యలేదు. ఉద్యోగంలో రెండో ఏడాది ఆప్షన్స్‌లో 1,80,000 పోగొట్టుకున్నా. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. నష్టమే కదా, పన్నేముంటుందిలే అని జీతం ఒక్కటే చూపించి ఐటీఆర్-1 వేసేశా. తర్వాతి ఏడాది 90,000 లాభం వచ్చింది. 20 శాతం స్లాబు, సెస్‌తో కలిపి 18,720 కట్టా. పాత నష్టం చూపించి ఉంటే ఆ లాభం మీద పన్ను సున్నా, పైగా ఇంకో 90,000 నష్టం ముందుకి మిగిలేది. రెండేళ్ళు కలిపి చూస్తే నేను 90,000 పోగొట్టుకున్నవాణ్ణి, అయినా లాభం వచ్చినవాడిలా పన్ను కట్టా. అందుకే మొదట్లో నష్టం గురించి అడగండి అన్నాను.

ఇది నా ఒక్కడి కథ కాదు. సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోకి వచ్చిన కోటికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికీ సుమారు 2 లక్షలు. మొత్తం 1.8 లక్షల కోట్లు దాటింది. 72 శాతానికి పైగా మొదటి ముప్పై పెద్ద నగరాల బయటివాళ్ళు, అంటే మా నర్సీపట్నం లాంటి ఊళ్ళవాళ్ళు. 2024 ఆర్థిక సంవత్సరంలో 43 శాతం ముప్పై ఏళ్ళ లోపువాళ్ళు. వారానికోసారి ఎక్స్‌పైరీ వచ్చాక, ఫోన్లోనే అకౌంట్ తెరిచే రోజులొచ్చాక ఇలా అయింది. సెబీ 2024 చివర్లో కాంట్రాక్ట్ సైజు పెంచింది, ఒక్కో ఎక్స్ఛేంజ్‌కి ఒక్క వీక్లీ ఇండెక్స్ ఆప్షనే ఉంచింది. అయినా తర్వాతి ఏడాది కూడా 91 శాతం మందికి నష్టమే.

స్థలానికి బయానా ఇచ్చేముందు మన పెద్దవాళ్ళు నలుగుర్ని అడుగుతారు, కాగితాలు చూస్తారు, గడువు లోపల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేసుకుంటారు. ఫోన్లో బయానా ఇవ్వడానికి మనకి అర నిమిషం పడుతోంది. చెయ్యొద్దని నేను చెప్పను, నేనే చేశాను కాబట్టి. కానీ ఇప్పటికే పోగొట్టుకుని ఇంట్లో చెప్పకుండా దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చూస్తుంటే ఒక్క పని చెయ్యండి. బ్రోకర్ దగ్గర నుంచి ఈ ఏడాది పీ అండ్ ఎల్ స్టేట్‌మెంట్ దించుకోండి, గడువు లోపల ఒక ఆడిటర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పోయిన డబ్బు వెనక్కి రాదు. దాని లెక్క మాత్రం మీ దగ్గర మిగులుతుంది.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.