ముందటి రక్తం, తరువాతి రక్తం

'ఈ జబ్బు నాకెందుకు వచ్చింది, డాక్టరు గారూ?' అని మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగి అడిగితే వైద్యుల వద్ద చాలాకాలం సమాధానం లేదు. ఇది స్వయంప్రహరణ వ్యాధి. అంటే, శరీర రక్షణ వ్యవస్థ స్వంత కణజాలంపైనే దాడి చేస్తుంది. మెదడు, వెన్నుపాములలో నాడీతంతువులను కప్పి ఉంచే మైలిన్ పొర దెబ్బతింటుంది. చూపు మసకబారవచ్చు, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కవచ్చు, నడక తడబడవచ్చు. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లోనే ఈ వ్యాధిని వివరంగా వర్ణించినా, మూలకారణం తెలియరాలేదు.

దాని జాడ మరొక వ్యాధి పరిశోధనలో దొరికింది. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, అక్కడి పిల్లల దవడలలో పెరిగే కంతుల గురించి 1961లో లండన్‌లో ఉపన్యసించాడు. శ్రోతలలో ఉన్న ఆంథొనీ ఎప్‌స్టీన్‌కు అది వైరస్ వలన కలుగుతున్నదేమోనని తోచింది. ఉగాండా నుంచి తెప్పించిన కంతి ముక్కల నుంచి పెంచిన కణాలలో, 1964లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద ఒక కొత్త వైరస్ కనిపించింది. అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్.

ఫిలడెల్ఫియాలో హెన్లే దంపతులు ఈ వైరస్‌ను అధ్యయనం చేస్తుండగా, వారి ప్రయోగశాల ఉద్యోగిని ఒకరికి మోనోన్యూక్లియోసిస్ జ్వరం వచ్చింది. జబ్బుకు ముందటి ఆమె రక్తంలో ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు లేవు. తరువాతి రక్తంలో ఉన్నాయి. ఆ జ్వరానికి ఈ వైరసే కారణమని 1968లో వెల్లడయింది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ విషయం అంత తేలికగా తేలలేదు. పెద్దవారిలో సుమారు 95 శాతం మందికి ఈ వైరస్ ఎప్పుడో సోకే ఉంటుంది. అందరిలో ఉన్నదానిని కొందరి జబ్బుకు కారణమని నిరూపించడమెట్లా? అది సోకనివారిని వెదకి, ఏళ్ళ తరబడి గమనించాలి.

హార్వర్డ్‌లో ఆల్బెర్టో అషేరియో బృందం చేసినది అదే. కోటి మందికి పైగా అమెరికా సైనికుల సమాచారాన్ని, భద్రపరచిన రక్త నమూనాలను వారు ఆధారం చేసుకున్నారు. వ్యాధి వచ్చినవారిలో 801 మంది నమూనాలను పరీక్షించగా, మొదట వైరస్ సోకనివారు 35 మంది. వారిలో 34 మందికి వ్యాధి మొదలయ్యేలోపే వైరస్ సోకింది. వైరస్ సోకిన పిమ్మట వ్యాధి ముప్పు 32 రెట్లు పెరిగిందని 2022లో వారు ప్రకటించారు. లాలాజలం ద్వారా కూడా వ్యాపించే మరో వైరస్, సైటోమెగాలో వైరస్, ఆ ముప్పును పెంచలేదు.

అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు, ఈ వైరస్ ప్రోటీను ఒకటి నాడీమండలంలోని ఒక ప్రోటీనును పోలి ఉన్నదని చూపారు. వైరస్‌పై ఎక్కుపెట్టిన ప్రతిరక్షకాలు కొందరిలో పొరపాటున మనవారినే గాయపరచవచ్చు.

ఇది చదివి ఎవరూ భయపడనవసరం లేదు. ఈ వైరస్ సోకినవారిలో అత్యధికులకు మల్టిపుల్ స్క్లెరోసిస్ రాదు. జన్యువులు, ధూమపానం, విటమిన్ డి లోపం వంటివి కూడా తోడు కావాలి. వైరస్‌ను నివారించే టీకా ఇంకా వాడుకలోకి రాలేదు. అయినా, రోగి అడిగిన ప్రశ్నకు నేడు కొంత సమాధానమున్నది: ఇది మీరు చేసిన తప్పుకు శిక్ష కాదు, దాదాపు అందరికీ సోకే వైరస్ కొందరిలో పట్టించిన పెడదారి.