వెల్ల నుంచి తెల్లరంగు దాకా

సంక్రాంతికి ముందు ఇంటికి రంగులు వేయించాలని సంకల్పించడం సులభమే. ఏ రంగన్నది తేల్చుకోవడమే కష్టం. తెలుపే కదా, అందులో తేల్చుకునేదేముందని మోతీనగర్‌లో మా వీధి చివరనున్న రంగుల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన నా ముందు పరచిన అట్టమీద తెలుపులే పాతికకు పైగా ఉన్నాయి. ముత్యపు తెలుపు, దంతపు తెలుపు, పాల తెలుపు, మల్లె తెలుపు... మోతీ అంటే ముత్యమే కనుక, పేట పేరు నిలబెట్టడానికైనా మొదటిదానికి మొగ్గుదామనిపించింది. ఆ అట్టను ఇంటికి తెచ్చి మా అమ్మకు చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవన్నీ సున్నమే కదరా, కాస్త మాసిన సున్నం" అని తేల్చేసింది.

ఆవిడ మాట కొట్టిపారేయదగినది కాదు. మా అమ్మ పుట్టిల్లు పిడుగురాళ్ళ. పల్నాటి సున్నపురాయిని కాల్చే బట్టీలకు పేరుపడ్డ ఊరది. రాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి, ఉడికి, తడిసున్నమవుతుంది. దాన్ని పలచగా కలిపి గోడకు పూస్తే, గాలిలోంచి ఆ వాయువునే మళ్ళీ పీల్చుకొని మెల్లమెల్లగా తిరిగి రాయవుతుంది. అంటే మన పెద్దలు ఏటా పండగకు గోడలకు పూసింది రంగు కాదు, నీళ్ళలో కలిపిన రాయి. సున్నం వేసిన సాయంత్రం గోడ మచ్చలు మచ్చలుగా, బూడిదరంగులో కనిపించి మనసు నీరుగారిపోవడం, తెల్లవారి లేచి చూసేసరికి అదే గోడ తళతళలాడటం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తడి ఉన్నంతసేపూ సున్నపు రేణువుల మధ్య నీళ్ళుంటాయి. ఆరాక అక్కడ గాలి చేరుతుంది. అప్పుడుగాని వెలుతురు ఆ రేణువులమీద పడి బాగా చెదరదు. తెలుపంటే ఆ చెదరడమే.

ఈ తెలుపుకు మన నేలమీద చాలా పాత చరిత్ర ఉంది, అందులో కొంత బాధ కూడా ఉంది. అమరావతి స్తూపానికి చెక్కిన రాయి కూడా పల్నాటి సున్నపురాయే. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను మొదటిసారి చూసాడు. 1816లో తిరిగివచ్చేసరికి ఎన్నో శిల్పాలు మాయమయ్యాయి. కొన్ని కొత్త కట్టడాలలోకి చేరాయి, మరికొన్నింటిని కాల్చి సున్నం చేసారని తరువాతి పురావస్తు పరిశోధకులు నమోదు చేసారు. మిగిలినవాటిలో చాలావరకు నేడు చెన్నైలోను, లండనులోను ఉన్నాయి. బుద్ధుని పాదాలు చెక్కిన పలకలు ఎవరి ఇంటి గోడలకు వెల్లగా మారాయో ఎవరూ చెప్పలేరు. శిల్పమైనా, వెల్ల అయినా ఆ రాయికి ఒకటే. తేడా తెలియవలసింది మనిషికి.

ఇక మా హైదరాబాదు సంగతి. 1591లో కట్టిన చార్మినారు, గోలకొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులు, తరువాతి కాలపు పైగా సమాధులు, వీటి ఒంటిమీది నగిషీ అంతా గచ్చే. గచ్చంటే గానుగలో నూరిన డంగు సున్నంతో చేసిన పూత. దక్షిణాన మదరాసులో గుల్లసున్నానికి కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు వంటివి చేర్చి, చలువరాయిలా మెరిసేదాకా నునుపు చేసేవారు. అక్కడికి వచ్చిన ఐరోపా యాత్రికులు ఆ మెరుపును అబ్బురపడి రాసుకున్నారు. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణకు పూనుకున్నప్పుడు, ఇరవయ్యో శతాబ్దంలో అతికించిన సిమెంటును తొలగించి మళ్ళీ సున్నాన్నే పూయవలసివచ్చింది. సిమెంటు గట్టిది, నిజమే. కాని పాతగోడ లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. సున్నం పోనిస్తుంది. ఈ ఒక్క వాక్యాన్ని నేను ఆరేళ్ళ క్రితమే అర్థం చేసుకొని ఉంటే మా ఇంట్లో ఇంత ఖర్చు తప్పేది. ఆ కథ చివర చెబుతాను.

సున్నం అందానికి మాత్రమే కాదు. దాని క్షారగుణానికి క్రిములు తాళలేవు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు ఇళ్ళకు ఇళ్ళు సున్నం కొట్టించారు. పండగకు ముందు వెల్ల వేయాలన్న మన ఆచారంలో భక్తి ఎంతో, ఆరోగ్యం కూడా అంతే. అందులో చిటికెడు నీలిమందు కలపడం మరో తెలివి. సున్నంలో సన్నగా కనిపించే పసుపుఛాయను నీలం అణచి, కంటికి మరింత తెల్లగా చూపిస్తుంది. ఆ నీలాన్ని కృత్రిమంగా చవకగా తయారుచేసే పద్ధతికి ఫ్రాన్సులో గిమే అనే ఆయనకు 1828లో బహుమతి వచ్చింది. అంతకు ముందు అదే నీలం ఆఫ్ఘనిస్తాను కొండలనుంచి వచ్చే రత్నశిల పొడి. బంగారంతో పోటీపడే వస్తువు మన బట్టల తొట్టిలోకి, సున్నపు బొక్కెనలోకి చేరిందన్నమాట.

సున్నం చేతికి అంటుకుంటుంది, ఏటా వేయాలి. అందుకే మనిషి శాశ్వతమైన తెలుపు కోసం వెతికాడు. వెతికినచోట విషం దొరికింది. సీసంతో చేసిన సఫేదా రెండువేల ఏళ్ళకు పైగా చిత్రకారులకు, రంగులవాళ్ళకు అభిమానపాత్రమైంది, వాళ్ళ నరాలను కూడా తినేసింది. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ళ లోపలి రంగులలో దాన్ని నిషేధించే ఒడంబడిక చేసింది. సరిగ్గా ఆ కాలానికే నార్వేలోను, అమెరికాలోను టైటానియం తెలుపు కర్మాగారాల్లో తయారుకావడం మొదలైంది. వెలుతురును వంచే శక్తి సున్నానికి 1.6 ఐతే దీనికి 2.7 దాకా ఉంటుంది. అందుకే రెండు పూతల్లోనే కిందిదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. దానికి ముడిసరుకైన నల్లని ఇల్మెనైటు ఇసుక మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాల్లోనే ఉంది. ఇంత తెల్లని వస్తువు అంత నల్లని ఇసుకలో దాగి ఉండటం నాకెప్పుడూ వింతే.

మన దేశంలో రంగుల పరిశ్రమ 1902లో హౌరాలో షాలిమార్‌తో మొదలైంది. 1942లో బొంబాయిలో ఏషియన్ పెయింట్స్ పుట్టింది, 1985లో మా పటాన్‌చెరుకూ వచ్చింది. మధ్యలో సుద్దపొడి, జిగురు కలిపిన డిస్టెంపరు కాలం ఒకటి నడిచింది. ఆపైన ఎమల్షన్లు. ఇళ్ళ రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 మించరాదన్న నియమం మాత్రం మన దేశంలో 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు.

ఇప్పుడు మా ఇంటి కథ. 1978లో నాన్నగారు కట్టించిన ఇల్లిది. ముప్పై ఏళ్ళకు పైగా సున్నమే వేయించారు. ఆయన పోయాక ఆరేళ్ళ క్రితం నేను ఆధునికుణ్ణయి, అమ్మ వద్దంటున్నా, ఆ సున్నం మీదనే లప్పం పెట్టించి నిగనిగలాడే ఎమల్షను వేయించాను. రెండో వానాకాలానికి అమ్మ గదిలో పడమటి గోడ పొక్కింది, మూడో ఏటికి బూజు పట్టింది. ఆయాసం ఉన్న మనిషి ఆ గోడపక్కనే పడుకుంది. ఒక్కమాటైనా అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

ఈసారి వచ్చిన రంగుల మేస్త్రీ కొన్నేళ్ళు సినిమా సెట్లకు రంగులు వేసినవాడు. గోటితో గోడను గీకి చూసి, "లోపట సున్నమే ఉన్నది సార్. దీనిమీద లప్పం నిలువది. గోడ చెమ్మను ముందు చూడాలె, రంగు తర్వాత" అన్నాడు. సెట్లో గోడకు అచ్చ తెలుపు ఎన్నడూ వేయరనీ, దీపాల వెలుగులో కళ్ళు చెదిరి మనిషి ముఖం నల్లబడుతుందనీ కూడా చెప్పాడు. ఇంటికీ అదే సూత్రం. వెలుతురు ఎక్కువగా వచ్చే తూర్పు గదికి కాస్త మాసిన తెలుపు హాయి. చీకటి గదికి ఎంత తెల్లరంగు వేసినా బూడిదగానే కనిపిస్తుంది, అక్కడ రవ్వంత పసుపుఛాయ కావాలి. పైకప్పుకు మెరుపులేని తెలుపే మేలు, ఎగుడుదిగుళ్ళు కనబడవు. అట్టమీది గళ్ళను నమ్మక, గోడమీదే రెండు జానల మేర పూసి, పగటి వెలుతురులోను, రాత్రి దీపంలోను చూసి తేల్చుకోవాలి.

చివరికి డాబామీది పగులు పూడ్పించాము. పడమటి గోడను ఇటుక పూత కనబడేదాకా గీకించాము. పాత కిటికీల తెల్లరంగులో సీసం ఉండవచ్చునన్న భయంతో మనవరాలిని వారంపాటు వియ్యాలవారింటికి పంపి, పొడి లేవకుండా తడిపి గీకించాను. హాలుకు దంతపు తెలుపు, పైకప్పులకు మెరుపులేని తెలుపు. అమ్మ గదికి మాత్రం పిడుగురాళ్ళ సున్నం, చిటికెడు నీలిమందు.

ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టడం మన సామెతలో పక్షపాతానికి గుర్తు. రెండూ తెల్లనివే ఐనా చేసే పని వేరని ఆ సామెత కట్టినవాడికి బాగా తెలుసు. ఆ సాయంత్రం గోడ మచ్చలుగా కనబడితే నేను కంగారుపడ్డాను. "పొద్దున చూడరా" అని అమ్మ పడుకోవడానికి హాల్లోకి వెళ్ళింది.

పొద్దున చూసాను. మీ ఊళ్ళలో వెల్లను ఏమనేవారో, అందులో ఏం కలిపేవారో గుర్తున్నవారు రాయండి. మా అమ్మకు చదివి వినిపిస్తాను.