మూత్రపిండాల క్యాన్సర్: చికిత్సపై స్కానింగ్ నిఘా

మూత్రపిండాల క్యాన్సర్ శరీరంలో పాకినప్పుడు, వాడుతున్న మందు పనిచేస్తోందో లేదో తేల్చేది ప్రధానంగా సీటీ స్కాన్. మందు మొదలుపెట్టే ముందు ఒకటి తీసి, ఆపైన సాధారణంగా 6 నుంచి 12 వారాలకోసారి ఛాతీ, పొట్ట స్కాన్ తీసి పోల్చి చూస్తారు. గడ్డల కొలతకు వాడే 2009 నాటి రెసిస్ట్ 1.1 పద్ధతి ప్రకారం 5కు మించకుండా గడ్డలను ఎంచుకుని కొలతలు కూడతారు. ఆ మొత్తం మొదటి స్కాన్‌తో పోలిస్తే కనీసం 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన. అతి తక్కువగా నమోదైన కొలత నుంచి 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే జబ్బు ముదిరినట్టు.

కొలత ఒక్కటే చాలదు. సునిటినిబ్ వంటి మాత్రలు గడ్డకు రక్తం అందకుండా చేస్తాయి. సైజు అంతే ఉన్నా, కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు మునుపు తెల్లగా మెరిసిన గడ్డ ఈసారి నడుమ నల్లగా కనిపిస్తే అది మంచి కబురే. నివోలుమాబ్ వంటి ఇమ్యునోథెరపీలో కొద్దిమందికి గడ్డ ముందు పెరిగినట్టు కనిపించి తర్వాత తగ్గుతుంది. అందుకే రోగి నిలకడగా ఉంటే, 4 నుంచి 8 వారాల తర్వాత మళ్లీ స్కాన్ చేసి నిర్ధారించుకోవాలని ఇమ్యునోథెరపీ కోసం 2017లో వచ్చిన ఐరెసిస్ట్ పద్ధతి చెబుతుంది. ఒక కిడ్నీ తీసేసినవారికి కాంట్రాస్ట్ ముందు, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరిగా చూడాలి.

ఇక స్కాన్ ఎక్కడ చేయించుకోవాలంటే, కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మదనపల్లె, పుంగనూరు వాసులకు తిరుపతి, వేలూరు, బెంగళూరు కూడా అందుబాటులోనివే. ఊరు మారినప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. పాత స్కాన్ల సీడీలన్నీ వెంట తీసుకెళ్లాలి. పాత బొమ్మ పక్కన లేకుండా కొత్త బొమ్మ చూసి గడ్డ పెరిగిందో తగ్గిందో రేడియాలజిస్టు కచ్చితంగా చెప్పలేరు.